టింగ్‌కు తోక

ఆ బడిలో సంగీతం గది మెట్ల కింద ఉంటుంది. పైన ఎవరు ఎక్కినా, ఎవరు దిగినా లోపల ఢమఢమమని మోగుతుంది. వేరే టీచరైతే గది మార్చమని అర్జీ పెట్టుకునేది. చప్పట్ల టీచర్ మాత్రం పాఠం మధ్యలో ఆపి, వేలు పైకి చూపించి, "ఇప్పుడు దిగింది పెద్దవాళ్లా, చిన్నవాళ్లా? ఒక్కరా, గుంపా? గీయండి," అంటుంది. ఆరేళ్ల పిల్లలు నేల మీద బోర్లా పడుకుని, నాలుక కొస బయటపెట్టి, శ్రద్ధగా గీస్తారు.

చప్పట్ల టీచర్ అన్నది స్టాఫ్‌రూమ్ పెట్టిన పేరు. అందులో కొంత వెటకారం ఉంది. లెక్కలు చెప్పేవాళ్లకీ సైన్సు చెప్పేవాళ్లకీ ఉన్న గౌరవం సంగీతం చెప్పేవాళ్లకి ఏ బడిలోనూ ఉండదు. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల క్లాసు కాయడానికీ, వార్షికోత్సవం నాడు మైకు సర్దడానికీ గుర్తొస్తారు, అంతే. దానికి నొచ్చుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆమెకి ఒళ్లు మండేది గోడ మీది రాత చూస్తే. 'సంగీతం ఆత్మకు ఆహారం' అని అంతకు ముందెవరో నీలం రంగుతో రాయించి పోయారు. ఆకలేసిన పిల్లలెవరూ ఆ గోడ వైపు చూసిన పాపాన పోలేదు. వచ్చిన మొదటి వారంలోనే ఆమె డ్రమ్ముల బీరువా జరిపించి ఆ రాతకి అడ్డం పెట్టించింది.

ఆమె నేర్చుకున్న పద్ధతి వేరు. చిన్నప్పుడు పాఠం చెప్పిన మాస్టారు మొదట పాశ్చాత్య స్వరాలు రాసే అయిదు గీతలు గీసి, వాటి మీద గుడ్లు పెట్టి, ఏ గుడ్డు ఏ స్వరమో బట్టీ పట్టించి, తప్పితే వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టేవారు. ఆమె తప్పేది కాదు. పాట ఎలా ఉంటుందో తెలియక ముందే పాట చదవడం వచ్చేసింది. డిప్లొమా పుచ్చుకుని ఈ బడిలో చేరి, అవే అయిదు గీతలు బోర్డు మీద గీసి వెనక్కి తిరిగి చూస్తే, గది నిండా ఆవలింతలు. పెద్దవాళ్లు కొన్ని వందల ఏళ్లు కొట్టుకుని కొట్టుకుని తేల్చుకున్న రాతని శుక్రవారంలోపల మింగెయ్యమంటే ఆరేళ్లవాళ్లు మాత్రం ఏం చేస్తారు?

పద్ధతి మారింది గొప్ప ఆలోచన వల్ల కాదు, గొంతు పోవడం వల్ల. జలుబు చేసి మాట పెగలని ఒక రోజున ఆమె డ్రమ్ము మీద ఒక దరువు వేసింది: ఢాం... ఢాం... టకటక టక్. దాన్ని కాగితం మీద పెట్టాలని, పక్క సెక్షన్ వాళ్లు ఆ కాగితం చూసి అదే దరువు వాయించాలని సైగలతో చెప్పింది.

పిల్లలు అరచేతులు కాగితం మీద ఆనించి చుట్టూ గీత గీశారు. ఎన్ని దెబ్బలో అన్ని చేతులు. పక్క సెక్షన్ వాళ్లు వచ్చి, చేతులు లెక్కపెట్టుకుని, గడియారం కొట్టినట్టు అన్నీ సమానంగా కొట్టారు. "అది కాదూ!" అని గీసినవాళ్లు గొల్లుమన్నారు. మర్నాడు కొన్ని చేతులు పెద్దవయ్యాయి, కొన్ని చిన్నవయ్యాయి. నిదానమైన దెబ్బ పెద్ద చెయ్యి, చురుకైన దెబ్బ చిన్న చెయ్యి. పక్క సెక్షన్ పెద్ద చేతుల దగ్గర డ్రమ్ము పగిలేలా బాది, చిన్న చేతుల దగ్గర గుసగుసలాడించింది. పెద్దదంటే గట్టిది అనుకున్నారు, అందులో వాళ్ల తప్పేముంది? మళ్లీ గొల్లు. చివరికి ఒక పిల్ల చేతులన్నీ మానేసి, కాలువ దాటడానికి వేసిన రాళ్లలా చుక్కలు పెట్టింది. దగ్గర రాయికి చిన్న గెంతు, దూరపు రాయికి పెద్ద గెంతు. పక్క సెక్షన్ పిల్లాడొకడు కాగితం మీద వేలితో గెంతుకుంటూ పోయి, ఢాం... ఢాం... టకటక టక్ అనేశాడు. కాగితం మీద ఏమీ లేని చోటు కూడా రాతేనని డిప్లొమాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, స్కేలు ధ్యాసలో వినలేదేమో.

అప్పట్నుంచి ఆ గదిలో ఒకటే నియమం. గీసినవాళ్లు రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడాలి. పక్క సెక్షన్ వాళ్లు కాగితం చూసి వాయించాలి. వాయించగలిగితే అది రాత, లేకపోతే బొమ్మ. బొమ్మలంటే ఆమెకి చిన్నచూపేమీ లేదు, డ్రాయింగ్ మాస్టారికి పంపించేస్తుంది.

ఏళ్ల తరబడి చూసి చూసి, పిల్లలు ఎక్కడ తడబడతారో ఆమెకి కొట్టిన పిండి అయిపోయింది. ఆ దరువులో చివరి 'టక్' పెద్దదా చిన్నదా అన్న తగువు ఏటా వస్తుంది. దాని తర్వాత ఆగాలి కాబట్టి పెద్దదని కొందరంటారు. ముందున్న రెండింటి గుంపులోది కాబట్టి చిన్నదేనని కొందరంటారు. మొదటివాళ్లు కాలాన్ని కొలుస్తున్నారు, రెండోవాళ్లు దరువు వింటున్నారు. ఎవరినీ కాదనడానికి లేదు. ఆమె కాదనదు కూడా, కాసేపు కొట్లాడుకోనిచ్చి పక్క సెక్షన్‌ని పిలుస్తుంది.

స్వరాల దగ్గర మరీ తమాషా. పై స్వరం, కింది స్వరం అని ఆమె చెయ్యి ఎత్తీ దించీ చూపిస్తే పిల్లలు ఒకసారి కప్పు వైపూ ఒకసారి నేల వైపూ చూశారు. "పైన ఏం లేదు టీచర్, ఫ్యాను ఉంది." కీబోర్డు దగ్గరికి తీసుకెళ్తే పై స్వరం కుడి పక్కన ఉంది, పైన లేదు. ఇళ్లలో వాళ్లకి తెలిసిన మాటలు సన్నటి గొంతు, బండ గొంతు. అందుకని సన్నటి స్వరానికి పెన్సిలు మొనతో సన్నగీత గీశారు, బండ స్వరానికి క్రేయాన్ అడ్డంగా పడుకోబెట్టి పట్టీలా రుద్దారు. ఆమె కొన్నాళ్లు పోరాడి ఓడిపోయింది. ఆ సన్నాలూ లావులూ చూసి పక్క సెక్షన్ పాటని చక్కగా వాయించేస్తుంటే పోట్లాడ్డానికి ఇంకేం మిగిలింది? పైనా కిందా అన్నది తర్వాత మెల్లిగా, మెట్ల మీద నిలబెట్టి నేర్పుకుంది.

ఇన్ని చేసినా ఆఖరి తీర్పు కాగితానిది కాదు, ఆమె చెవిది. వాయించింది సరిగ్గా ఉందో లేదో తేల్చేది ఆ చెవే. గది నిండా పిల్లలు పాడుతుంటే శ్రుతి తప్పిన గొంతు ఏ వరసలో ఉందో తల తిప్పకుండా చెప్పేసేది. స్టాఫ్‌రూమ్‌లో వెటకారం చేసేవాళ్లు కూడా దానికి జడిసేవారు. "మెల్లిగా మాట్లాడండి, చప్పట్ల టీచర్ వరండాలో ఉంది." ఆమెకున్న ఆస్తి ఆ చెవి. అది పోతే ఆ గదిలో ఆమెకి పని లేదు. కానీ అలాంటి ఆలోచన ఆమెకి ఎన్నడూ రాలేదు. కాళ్లు బాగున్నవాళ్లు కాళ్ల గురించి ఆలోచిస్తారా ఏమిటి?

ఆ ఏడాది బడికి కొత్త వాయిద్యాలు వచ్చాయి. వాటిలో ఒక ట్రయాంగిల్ ఉంది: దారానికి వేలాడే మూడుమూలల ఇనుప కమ్మీ, కొట్టడానికి ఇంకో బుల్లి కమ్మీ. ఆమె దాన్ని పట్టుకుని ఒకసారి కొట్టి చూసుకుంది. టింగ్. చిన్నప్పుడు విన్న ట్రయాంగిళ్లు ఇంతకంటే బాగా మోగేవి. ఈ మధ్య సరుకంతా నాసిరకం అనుకుంది.

పిల్లల ముందు కొట్టి, గీయమంది. అందరికంటే ముందు గోరింక గీసేసింది. గోరింక అంటే ఆ క్లాసులో నోటికి తాళం లేని పిల్ల, పేరు పెట్టింది వాళ్లమ్మమ్మేనట. దాని కాగితం మీద ఒక చుక్క, ఆ చుక్క నుంచి వెంట్రుకలాంటి గీత. ఆ గీత కాగితం అంచుదాకా పోయి, చోటు చాలక మలుపు తిరిగి వెనక్కి వచ్చింది. టీచర్ పక్కవాడి కాగితం చూసింది. చుక్కకి తోక. దాని పక్కది. తోక. ఆ చివరా తోకే, ఈ చివరా తోకే.

"గోరింకా, నీది చూసి ఎంతమంది గీశారు?"

"నాది ఎవరూ చూళ్లేదు టీచర్, చెయ్యి అడ్డం పెట్టుకున్నాగా."

"మరి అందరికీ తోకలెలా మొలిచాయి?"

"టింగ్‌కి తోకుంది కదా టీచర్!"

"టింగ్‌కి తోకేమిటి? కొట్టాను, అయిపోయింది. అంటే చుక్క."

"అయిపోలేదు టీచర్."

"ఎదురు చెప్పకు," అంది ఆమె. ఆ గదిలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

కళ్లజోడు పిల్లాడొకడు లేచాడు. ఫ్యాను ఎందుకు తిరుగుతుంది, గంట ఎందుకు మోగుతుంది అని అడిగి అడిగి ఇంజినీరన్న బిరుదు సంపాదించినవాడు. వాడు పెద్ద చుక్క పక్కన దానికంటే చిన్న చుక్క, దాని పక్కన ఇంకా చిన్నది, చివరికి కనపడీ కనపడని నలకలు పెట్టాడు. "నాది తోక కాదు టీచర్. అరిగిపోతోంది."

"నువ్వూ కూర్చో. కాపీ కొట్టింది కాక మళ్లీ మాటలు!"

కాపీ కొట్టినవాళ్లయితే అందరూ ఒకేలా గీయాలి కదా అని ఆమెకి తట్టలేదు. ఒకరిది వెంట్రుక, ఒకరిది నలకలు, ఇంకొకరిది నత్త పాకిన జాడ. కోపంలో ఉన్న మనిషికి ఇవన్నీ తోకల్లాగే కనపడతాయి. గోరింకని లేపి బీరువా పక్కన ఒంటరిగా కూర్చోబెట్టింది.

తర్వాతి పాఠంలో మళ్లీ ట్రయాంగిల్ కొట్టింది. ఈసారి ఒక్కరికీ తోక లేదు. అన్నీ నిఖార్సయిన చుక్కలు. గోరింక ఎంత నొక్కి పెట్టిందంటే కాగితానికి చిల్లు పడింది. ఆమెకి ప్రాణం కాస్త కుదుటపడింది. పక్క సెక్షన్‌ని పిలిచింది.

చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే పిల్లాడొకడు ముందుకొచ్చాడు. వాణ్ని అందరూ పెద్దమనిషి అంటారు. కాగితం అందుకుని, ఎగాదిగా చూసి, "చుక్క అంటే పొట్టిది కదండీ టీచర్," అని తేల్చాడు. ట్రయాంగిల్‌ని టింగ్‌మనిపించి, మరుక్షణమే గుప్పిట్లో పట్టేసుకున్నాడు.

నోళ్లు మూసుకుని నిలబడ్డవాళ్లలో కలకలం. బుగ్గలు ఉబ్బాయి, కాళ్లు నేలకి తాటించారు. చివరికి ఎవరో తట్టుకోలేక అరిచేశారు. "తప్పు! తప్పు!"

"తప్పేమిటి? సరిగ్గానే కొట్టాడుగా," అంది ఆమె.

"పట్టేసుకున్నాడు టీచర్!"

"ఏదీ, ఈసారి పట్టుకోకుండా కొట్టు."

పెద్దమనిషి పట్టుకోకుండా కొట్టాడు. టింగ్.

"ఇప్పుడు పట్టుకుని కొట్టు."

టింగ్.

"రెండూ ఒకటేగా," అంది.

పిల్లలు పకపకా నవ్వారు. టీచర్ జోకు వేసిందనుకున్నారు. ఆమె నవ్వలేదు. నవ్వు ఒక్కొక్కరి మొహం మీదా ఆగిపోతూ వచ్చింది. బీరువా పక్క నుంచి గోరింక అడిగింది, ఈసారి మెల్లిగా. "టీచర్, మీకు నిజంగా ఒకేలా ఉందా?"

ఆమె ట్రయాంగిల్ తన చేతిలోకి తీసుకుంది. "అందరూ కళ్లు మూసుకోండి. నేను కొట్టగానే చెయ్యెత్తండి. వినిపిస్తున్నంతసేపూ ఎత్తే ఉంచండి. అయిపోయాక దించండి. కళ్లు తెరిచారో, చూడండి మరి."

కొట్టింది. టింగ్ అంది, అయిపోయింది. రెండు సెక్షన్ల చేతులూ పైకి లేచి ఉన్నాయి. మెట్ల మీద ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. చేతులు లేచే ఉన్నాయి. ఆమె కమ్మీని చెవి దగ్గరికి తెచ్చుకుంది. ఏమీ లేదు. చేతులు ఇంకా లేచే ఉన్నాయి. అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి దిగింది. తర్వాత రెండు. తర్వాత మూలమూలలా ఒక్కొక్కటీ, తొందరేమీ లేకుండా. అందరికంటే చివర గోరింకది దిగింది.

ఆ శబ్దాన్ని ఆమె వినలేదు, చూసింది. ఎంత పొడుగుందో, ఎలా సన్నబడిందో, ఎక్కడ తెగిందో, అంతా కళ్లారా చూసింది.

ఆమె భర్త కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. సాయంత్రం ఆయన చేతికి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, జరిగింది చెప్పింది. ఆయన ఆశ్చర్యపోతాడనుకుంది. ఆయన గ్లాసు కింద పెట్టి, "అయితే ఫ్రిజ్ సంగతి అదన్నమాట," అన్నాడు.

"ఫ్రిజ్ ఏమిటి?"

"తలుపు సరిగ్గా పడకపోతే కీ కీ అని చంపేస్తుంది కదా. ప్రతిసారీ నేనొచ్చి మూస్తున్నాను. నువ్వు కావాలనే పట్టించుకోవట్లేదని లోపల్లోపల తిట్టుకుంటున్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"తిట్టుకోవడమా? పెళ్లయినప్పట్నుంచీ."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. మంచం మీద నుంచి అత్తగారు, "ఏమిటర్రా గూడుపుఠాణి? నాకూ చెప్పి ఏడవండి," అంది. ఆవిడకి చెవి మిషను ఉంది, చక్కెర డబ్బాలో. పెట్టుకోదు. కొడుకు గొంతు చించుకుని విషయం చెప్పాడు.

"అమ్మయ్య," అంది అత్తగారు. "ఇన్నాళ్లకి ఈ కొంపలో నాకో తోడు దొరికింది. ఏమీ బెంగపడకే. వినపడకపోవడంలో చాలా సుఖముంది. మీ మావయ్య ఆఖర్న అరిచిన అరుపుల్లో సగం నా దాకా రాలేదు, అందుకే కాపురం నిలిచింది."

"మీరు బడిలో పాఠం చెప్పాలా అత్తయ్యా? నా ఉద్యోగమే చెవి," అంది కోడలు గట్టిగా. "సంగీతం టీచర్‌కి చెవుడంటే వంటవాడికి నాలుక లేనట్టు. ఎవరుంచుకుంటారు?"

"రోజూ షాపులో చూస్తుంటాను," అన్నాడు భర్త. "కళ్లద్దాలు పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని మురిసిపోతారు జనం. అదే చెవికైతే జుట్టు కింద దాస్తారు. రేపు వెళ్దాం పద, మా షాపు పక్క సందులోనే చెవులు చూస్తారు."

పరీక్ష చేసిన కుర్రాయన మర్యాదస్తుడు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, చేతికి బటన్ ఇచ్చాడు. అయ్యాక ఒక కాగితం ముందు పెట్టాడు. గళ్ల మీద ఒక గీత: కొంతదూరం చదునుగా నడిచి, అక్కడ్నుంచి గోడ దూకినట్టు కిందికి పడిపోయింది.

"ఎడం పక్క లావు శబ్దాలండీ, కుడి పక్కకి పోయేకొద్దీ సన్నవి," అన్నాడు. "గీత ఎంత కిందికి పోతే శబ్దం అంత పెద్దగా ఉంటేగానీ మీకు వినపడదని."

ఆమె కాగితం తిప్పి తిప్పి చూసింది. "పెద్ద శబ్దాన్ని కింద రాశారేమిటి? చిన్నది పైనా?"

"అది అంతేనండీ, అందరూ అలాగే రాస్తారు."

"మా పిల్లలు చస్తే ఒప్పుకోరు. పక్క సెక్షన్‌కి ఇచ్చి చూశారా ఎప్పుడైనా?"

కుర్రాయన ఆమె భర్త వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూశాడు.

కాగితం ఎటు తిప్పినా అందులో ఉన్నది మాత్రం ఆమెకి అర్థమైంది. తన చెవిని ఎవరో రాశారు, ఆమె చదవగలిగింది. మాటలకి ఇబ్బంది లేదని, వయసుతో వచ్చేదేనని, డ్రమ్ముల మధ్య పని కాబట్టి కాస్త ముందొచ్చిందని కుర్రాయన చెప్పాడు. మిషను పెట్టుకుంటే కొంత తిరిగొస్తుంది, మరీ సన్నటివి రావు, మొదట్లో పాటలు రేకు డబ్బాలో మోగినట్టుంటాయి. ఆమె మిషను తీసుకుంది.

హెడ్‌మిస్ట్రెస్‌కి ఆమే వెళ్లి చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషి కాదు. బడి పేరు అనే ఒక్క మాట కోసం బతికే మనిషి. ముందు అంకితభావం గురించీ, సేవ గురించీ కాసేపు మాట్లాడింది. ఎవరైనా ఆ మాటలు మొదలుపెట్టారంటే వెనకాల ఇంకేదో వస్తోందని ఆమెకి తెలుసు. వచ్చింది.

"మిషను పెట్టుకోండి, వద్దనను. కానీ జుట్టు కాస్త వదులుగా వేసుకోండి. పిల్లల దగ్గర ఈ మాట ఎత్తకండి. తల్లిదండ్రుల చెవిన పడిందంటే నేను చేయగలిగిందేమీ లేదు. మిమ్మల్ని లైబ్రరీకి మార్చాల్సి వస్తుంది. మీ మంచికే చెబుతున్నాను."

ఆమె జుట్టు వదులుగా వేసుకుంది. ట్రయాంగిల్‌ని పెట్టెలో పెట్టి బీరువా అడుగుకి తోసేసింది. గోరింకని పాత చోటికి మార్చింది, ఎందుకు మార్చిందో చెప్పలేదు. మిషనులోంచి డ్రమ్ము కర్రల చప్పుడు పలకలు పగిలినట్టు వినిపించేది, సర్దుకుంది. అంతా సవ్యంగా జరిగిపోతున్నట్టే ఉంది.

గది మాత్రం సవ్యంగా లేదు. డ్రమ్ము కొడితే పిల్లలు పెన్సిలు పట్టుకుని ముందు ఆమె మొహంలోకి చూస్తున్నారు. ఇంజినీరు సగం గీసి, ఆగి, చెరిపేస్తున్నాడు. ఒక రోజు ఆమె ఇనుప పలక ఒకటి మోగించింది. గోరింక పెన్సిలు ఎత్తి పట్టుకుని అడిగింది.

"టీచర్, దీనికి ఎంత పొడుగు గీయాలి?"

ఇన్నేళ్లలో ఆ గదిలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఎంత వినపడితే అంత గీయడమే వాళ్లకి తెలుసు. ఇప్పుడు టీచర్‌కి ఎంత కావాలో కనుక్కుని అంతే గీద్దామని చూస్తున్నారు. స్కేలుతో కొట్టిన మాస్టారు కూడా ఇంతకంటే ఏం నేర్పారు? ఇలాంటి పాఠం చెప్పడానికి మెట్ల కింద గది దేనికి, లైబ్రరీ అయినా ఒకటే.

ఆమె బీరువా దగ్గరికి వెళ్లి ట్రయాంగిల్ తీసింది. నేల మీద పిల్లల మధ్య కూర్చుని, జుట్టు చెవి వెనక్కి నెట్టుకుంది.

"ఇటు చూడండి. నా చెవికి సన్నటి చప్పుళ్లు వినపడవు. ఆ రోజు మీరెవరూ కాపీ కొట్టలేదు. టింగ్‌కి తోక ఉంది. నాకే వినపడలేదు."

పిల్లలు దగ్గరికి జరిగారు. చెవి వెనక ఉన్నది అందరూ వరసగా చూశారు.

"మా తాతకీ ఉంది, మీదే బాగుంది."

"బ్యాటరీ ఎక్కడ పెడతారు టీచర్?" ఇది ఇంజినీరు.

"రాత్రి తీసేస్తారా? దొంగలొస్తే ఎట్లా మరి?"

గోరింక మాత్రం ముందు తన లెక్క తేల్చుకుంది. "అయితే నన్ను బీరువా దగ్గర కూర్చోబెట్టింది ఊరికేనా?"

"ఊరికేనే. తప్పు నాది."

"సరేలెండి," అంది గోరింక పెద్దరికంగా. "ఇది పెట్టుకుంటే ఇప్పుడు వినపడుతుందా?"

"కొంచెం. ఎంతవరకో నాకు తెలీదు. అందుకని ఇవాళ గీసేది నేను. ఎక్కడ ఆపాలో మీరు చెప్పండి."

చాక్‌పీసు బోర్డుకి ఆనించింది. ఇంజినీరు ట్రయాంగిల్ కొట్టాడు. మిషను పుణ్యాన ఈసారి టింగ్ వెనక కాస్త మెరుపులాంటిదేదో సాగి, ఆరిపోయింది. ఆమె చెయ్యి ఆగబోయింది.

"ఉంది టీచర్! ఉంది!"

చెయ్యి కదిలింది. గీత సన్నబడుతూ పోయింది.

"ఇంకా ఉంది... ఇంకా... అయిపోయింది."

"అవలేదు!"

"అయిపోయిందే! నీకు ఉత్తినే మోగుతోంది!"

"నీ చెవిలో గులిమి ఉంది, తీయించుకో!"

వాళ్ల తగువు తేలేదాకా ఆమె చాక్‌పీసు బోర్డు మీద ఆనించే ఉంచింది.

ఆరేళ్ల పిల్లల కడుపులో మాట దాగదు. సాయంత్రానికి బడి బయట అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున ఇద్దరు తండ్రులు, ఒక తల్లి హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేశారు. మధ్యాహ్నం పీరియడ్‌లో హెడ్‌మిస్ట్రెస్ చెప్పాపెట్టకుండా వచ్చి, వెనక వరసలో బుల్లి కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. "కానివ్వండి. నేను లేననుకోండి," అంది. ఆవిడ లేదనుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా ఆమె పాఠం మొదలుపెట్టింది. లైబ్రరీ ఖాయమని తెలిసిపోయాక ఇక భయపడేందుకు ఏమీ లేదు.

"కళ్లు మూసుకోండి. వినపడినంతసేపూ చెయ్యెత్తండి." ఒక్క క్షణం ఆగి, "మేడమ్, మీరు కూడా," అంది.

మేడమ్ కళ్లు మూసుకుని చెయ్యెత్తింది. ఆమె ట్రయాంగిల్ కొట్టింది.

చేతులన్నీ లేచి ఉన్నాయి. కాసేపటికి ఒక చెయ్యి దిగింది. పిల్లలది కాదు. వెనక వరసలో బుల్లి కుర్చీలోది. గది ఉలుకూ పలుకూ లేకుండా ఉండేసరికి హెడ్‌మిస్ట్రెస్ ఒక కన్ను తెరిచింది. ముందున్నవన్నీ లేచి ఉన్న చేతులు. కన్ను గబుక్కున మూసుకుంది. చెయ్యి మళ్లీ పైకి వెళ్లింది. పిల్లల చేతులు ఒక్కొక్కటీ దిగి, చివరికి గోరింకది కూడా దిగి చాలాసేపైనా ఆ ఒక్క చెయ్యీ అలాగే ఉంది.

"అయిపోయింది, అందరూ కళ్లు తెరవండి," అంది టీచర్. చెయ్యి దిగింది.

చూసింది ఆమె ఒక్కతే. కాగితాలు పంచి, గీయమని చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌ని గుమ్మందాకా సాగనంపింది.

హెడ్‌మిస్ట్రెస్ వరండాలో ఆగి కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. "పీరియడ్లు ఏమీ మార్చడం లేదు. ఫోన్ చేసినవాళ్లకి నేను చెప్పుకుంటాను. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

"మంచిది మేడమ్."

రెండడుగులు వేసి ఆవిడ వెనక్కి తిరిగింది. "అన్నట్టు, ఆ పరీక్ష ఎక్కడ చేయించుకున్నారు? మా అక్కకి. పాపం, ఈ మధ్య ఏం చెప్పినా రెండోసారి అడుగుతోంది."

"మా ఆయన షాపు పక్క సందులో మేడమ్, మేడ మీద. పొద్దున్నే వెళ్లమనండి మీ అక్కగారిని, రద్దీ ఉండదు." ఆమె గొంతు కాస్త తగ్గించింది. "చేతికి ఒక బటన్ ఇస్తారు. ఏమీ వినపడకపోయినా నొక్కాలనిపిస్తుంది. నొక్కొద్దని చెప్పండి."